దిండుకన్నా కింద

గొట్టం ఒక చివర ఎత్తిపట్టి రెండో చివర కిందికి వంచేసరికి, రాత్రంతా లోపల చేరిన నీళ్లు గుడగుడమంటూ జారివచ్చి బాలనర్సయ్య పాదాల మీద పడ్డాయి. మార్గశిరం చలికి అవి చురుక్కుమన్నాయి. ఆయన పాదాలు వెనక్కి తీసుకోలేదు. ఇంకోసారి ఎత్తాడు, ఇంకోసారి వంచాడు. అప్పటికీ కోపం తీరక గొట్టాన్ని చేతికి చుట్టుకొని గాలిలో గిరగిరా తిప్పాడు. మిగిలిన చుక్కలన్నీ ఎగిరి, వాకిట్లో లచ్చమ్మ ఎండకు పరిచిన కట్టెల మీద పడ్డాయి.

"కండ్లు కనవడ్తలేవా?" అంది లచ్చమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే. "రాత్రంత గురకతోని సంపుతివి. పొద్దుగాల లేసి కట్టెలు తడుపుతున్నవా?"

"నువ్వు నా ముక్కుల పోసిన నీళ్లే ఇవి. నీ కట్టెల మీద నేను పోస్తున్న."

"నేను పోసిన్నా? డబ్బల గీత దాక పొయ్యమంటివి, గీత దాకనే పోసిన. ముక్కు నీది, మిషను నీది. నడుమ నన్నెందుకు తిడ్తవు?"

"ఎక్కువ పోసినవు. లేకపోతె గిన్ని నీళ్లు యాడికెళ్లి వస్తయి?"

"మొన్న తక్కువ పోస్తె ముక్కులకెళ్లి నెత్తురొచ్చిందని మొత్తుకోలె? ఎక్కువైతె తప్పు, తక్కువైతె తప్పు. నువ్వే పోసుకో ఇగ."

ఆ ఇంట్లో పొద్దు పొడిచేది ఇలాగే. మంచి మాటతో మొదలైన రోజు ఒక్కటైనా ఉందేమో వాళ్లిద్దరికీ గుర్తులేదు. పిల్లలు పుట్టలేదు. తప్పు ఎవరిదన్న తగువు వాళ్లతోపాటే ముసలిదైపోయి ఒక మూలన పడి ఉంది. ఇప్పుడు కొత్త తగువు దొరికింది, అది ఈ నీళ్ల గొట్టం.

బాలనర్సయ్య పొట్టి మనిషి. మెడ అని విడిగా చూపించడానికి ఏమీ ఉండదు, గడ్డం కింది కండ నేరుగా భుజాల్లోకి దిగిపోయి ఉంటుంది. కళ్ల కింద సంచులు. రెండు చెంపల మీదా, నుదుటి మీదా రాత్రి తొడుక్కునే మాస్కు పట్టీలు ఒత్తుకున్న చారలు, మధ్యాహ్నం దాకా పోవు. చేతులు మాత్రం ఇంకా రాళ్లు కొట్టిన చేతులే. వేళ్లు పూర్తిగా ముడుచుకోవు, పూర్తిగా చాచుకోవు. ఆ వేళ్లతో ఆయన మాస్కులోని తడిని పంచె చెంగుతో తుడిచి, గొట్టాన్ని తీగకు వేలాడేసి, లోపలికి వెళ్లి యూనిఫాం తొడుక్కున్నాడు. నీలం చొక్కా, నీలం ప్యాంటు, జేబు మీద తెల్ల దారంతో బిల్డింగు పేరు.

"ఇయ్యాల గిన కునికిన్నంటె నౌకరి పోతది," అన్నాడు గుండీలు పెట్టుకుంటూ. ఆమెతో అన్నట్టు లేదు, గోడతో అన్నట్టుంది.

"పోతె ఇంట్ల కూసుంటవ్. నా పానం తీస్తవ్. పోకుంటనే మంచిది."

జొన్నరొట్టె, పచ్చిపులుసు కట్టిన డబ్బా గడప మీద టక్కున పెట్టింది. పక్కనే రెండు పచ్చిమిరపకాయలు. అవి తినడానికి కాదు. స్టూలు మీద కూర్చున్నప్పుడు కన్ను మూతపడబోతే కొరకడానికి. ఎన్ని తిట్టినా వాటిని పెట్టడం ఆమె ఒక్కరోజూ మరిచిపోలేదు. ఆయన కూడా ఒక్కరోజూ అందుకు మంచిమాట అనలేదు.

నానక్‌రామ్‌గూడ నుంచి షేరింగ్ ఆటోలో మాదాపూర్ వైపు పోతూ బాలనర్సయ్య ఆ మిషను ఇంటికొచ్చిన రోజును తలుచుకొని పళ్లు నూరాడు.

దాన్నిచ్చింది మూడో అంతస్తులో పనిచేసే మధుకర్. కంప్యూటర్ల కంపెనీలో పెద్ద ఆఫీసరు. లావుపాటి మనిషి. ఆయనకూ ఇదే రోగం. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతుంది. ప్రాణం ఉలిక్కిపడి లేపుతుంది. మళ్లీ గురక, మళ్లీ ఆగడం. రాత్రి పొడుగునా ఇదే వరస. మనిషి పడుకున్నట్టే ఉంటాడు గాని నిద్ర ఉండదు, పగలు కూర్చున్నచోట కునుకుతాడు. లిఫ్టులో స్టూలు మీద బాలనర్సయ్య గురక విని మధుకర్ ఒకరోజు నవ్వాడు. "నీ గురకా నా గురకా అన్నదమ్ములయ్యా," అన్నాడు. రాత్రంతా మాస్కులోంచి గాలి ఊది గొంతు మూసుకుపోకుండా చూసే మిషను ఆయన దగ్గర ఉంది; సింగపూర్ నుంచి కొత్తది తెప్పించుకున్నాక, పాతదాన్ని అట్టపెట్టెలో పెట్టి తెచ్చి ఈయన చేతిలో పెట్టాడు.

పెట్టినవాడు తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పాడా? చెప్పలేదు. ఆ పెద్దమనుషులకు మనతో మాట్లాడే తీరిక లిఫ్టులో ఉన్నంతసేపే. కింద తలుపు మూసుకోగానే మొదలుపెట్టాడు. మాస్కు ఇలా తొడుక్కోవాలి, గొట్టం ఇక్కడ తగిలించాలి. ఒకటో అంతస్తు దాటింది. డబ్బాలో గీత దాకా నీళ్లు పోయాలి, అది వెచ్చబడి గాలికి తేమ పడుతుంది, ముక్కు ఎండిపోదు. రెండో అంతస్తు దాటింది. "చాలా ఖరీదైనది, జాగ్రత్తగా పెట్టుకో, ఇంకో ముఖ్యమైన సంగతి, దాన్ని..." అంటుండగా మూడో అంతస్తు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఎవరో "సర్, కాల్!" అన్నారు. మధుకర్ పరుగెత్తాడు. ఆ ముఖ్యమైన సంగతి ఆయనతోపాటే వెళ్లిపోయింది.

అది దసరా ముందు రోజు. దసరాకు పనిముట్లు కడిగి పూజ చేయడం ఆ ఇంట్లో ఆనవాయితీ. గొడ్డలి, సుత్తి, కత్తిపీట, వాటి పక్కన తెల్లగా మెరిసే ఈ మిషను. లచ్చమ్మ దానికీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టింది. పూజ అయ్యాక సుత్తీ గొడ్డలీ మూలకు పోయాయి. మిషను మాత్రం మంచం తలాపున గోడలో ఎత్తుగా ఉన్న దేవుని గూట్లోనే, ఎల్లమ్మ పటం పక్కన ఉండిపోయింది. ఖరీదైన వస్తువు, జాగ్రత్తగా పెట్టమన్నాడు కదా. దేవుడి దగ్గరకన్నా జాగ్రత్తైన చోటు ఏ ఇంట్లో ఉంటుంది? దాన్నక్కడ పెట్టడం బాలనర్సయ్యకూ నచ్చింది. ఆ సంగతి ఒక్కదాంట్లో మొగుడూ పెళ్లాలకు తగువు రాలేదు.

మొదట్లో, అబ్బో, ఆ నిద్ర! ఎన్నేళ్ల తర్వాతనో ఆయనకు కల వచ్చింది. కలలో బర్రెలు వచ్చాయి. పొద్దున లేస్తే తల తేలికగా ఉంది, స్టూలు మీద కళ్లు రెండూ తెరిచే ఉన్నాయి. లచ్చమ్మ కూడా ఆ రోజుల్లో, గురక వినబడక అర్ధరాత్రి లేచి మనిషి ఉన్నాడా పోయాడా అని చూసేదట. అలా చూశానని చెప్పడంలో కూడా ఆమె గొంతులో కోపమే తప్ప ఇంకోటి లేదు.

తర్వాత చలి పడింది. రేకుల ఇల్లు, రాత్రయితే పైనుంచి చల్లదనం దిగుతుంది. డబ్బాలో వెచ్చబడిన గాలి ఆ చల్లని గొట్టంలో పడి నడిచేసరికి లోపలంతా చెమర్చి నీళ్లయ్యేది. గొట్టం గూట్లోంచి కిందికి, ఆయన మొహం మీదికి వేలాడుతుంది. నీళ్లు ఎటు పోతాయి? నిద్ర పట్టిన కాసేపటికి ముక్కులోకి చల్లగా జారేవి. మునిగిపోతున్నట్టు లేచి కూర్చొని, మాస్కు పీకి అవతల పారేసేవాడు. మిగిలిన రాత్రంతా పాత గురకే, పాత ఉలికిపాటే. కారణం ఏమిటో ఆయనకు తట్టలేదు. లచ్చమ్మ నీళ్లు ఎక్కువ పోయడమేనని గట్టిగా నమ్మాడు. అలా నమ్మడం ఆయనకు అలవాటు.

మధుకర్‌ను అడుగుదామంటే ఆయన దొరకడే! పది రోజులుగా లిఫ్టులోకి వచ్చీరాగానే సెల్‌ఫోను చెవికి పెట్టుకుంటాడు. "సారూ, గా పైపుల నీళ్లు..." అని మొదలుపెడితే వేలు పెదవికి అడ్డం పెట్టి ఆగమంటాడు, ఆగేలోపు మూడో అంతస్తు వచ్చేస్తుంది. రెండు వేల సంవత్సరం వస్తోందట, రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయట. అందుకని పైన అందరూ నిద్ర మానేసి పనిచేస్తున్నారు. నిద్ర మానిన వాళ్లకు కంపెనీ వేడివేడి పిజ్జాలు తెప్పిస్తుంది. అదే నిద్ర లేక లిఫ్టులో కునికేవాడికి కంపెనీ సోమేశ్వరరావును పంపిస్తుంది.

బిల్డింగు మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు సోమేశ్వరరావు. బిల్డింగు మేనేజరు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చేతిలో వాకీటాకీ. ఆయన ఎవరినీ తిట్టడు. అండీ అంటాడు. తిడితే తిరిగి తిట్టొచ్చు, ఆ అండీకి ఏం జవాబు చెప్పాలో బాలనర్సయ్యకు ఈనాటికీ తెలియలేదు.

"రండి రండి, బాలనర్సయ్యగారూ! రాత్రి బాగా పడుకున్నారాండీ?"

బాలనర్సయ్య టోపీ సర్దుకున్నాడు.

"పోయిన వారం నేనేం మనవి చేశానో గుర్తుంది కదండీ? నాలుగో అంతస్తులో తలుపు తెరిచి పెట్టి, మీటింగు గది దాకా వినపడేట్టు గురక పెట్టారు. ఇంకొక్కసారి కన్ను మూస్తే స్టూలుతో సహా బయటండీ. ఇవాళ బయటి దేశం నుంచి క్లయింట్లు వస్తున్నారు. జర కళ్లు తెరుచుకుని కూర్చోండి మరి." ఆ జర అన్నమాట మాత్రం ఆయన వెక్కిరించడానికే వాడతాడు.

లిఫ్టు తనంతట తాను పోగలదు. మీట నొక్కితే చాలు, చిన్నపిల్లలు కూడా నడపగలరు. మరి ఈయనెందుకంటే, బిల్డింగు కట్టేటప్పుడు దారికోసం చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో పేచీ వచ్చి, ఆ ఊళ్లలో కొంతమందికి పని ఇస్తామని యజమాని ఒప్పుకున్నాడు. కొందరు తోటపనికి పోయారు, కొందరు కాపలాకు పోయారు. ఆయాసం మనిషని బాలనర్సయ్యకు లిఫ్టు దక్కింది. సోమేశ్వరరావు కళ్లకు అదొక దండగ. పొద్దున లేస్తే అద్దంలా మెరిసే లిఫ్టులో, అంత మెరుపు మధ్యన ఈ స్టూలూ ఈ మనిషీ కనబడటం ఆయనకు కంట్లో నలుసుగా ఉండేది.

ఆ అద్దాల బిల్డింగు ఉన్నచోట ఒకప్పుడు గుట్ట. దాన్ని పగలగొట్టిన చేతుల్లో బాలనర్సయ్యవీ రెండు ఉన్నాయి. ఈ మాట వింటే పైన పనిచేసే పిల్లలకు జాలి పుట్టుకొస్తుంది, "అయ్యో అంకుల్, మీ భూములా?" అంటారు. ఆయనకు భూమి ఎప్పుడేడిసింది? చిన్నతనంలో పటేలు బర్రెలు కాశాడు. వయసులో రాళ్లు కొట్టాడు. ఆ తర్వాత మూసాపేటలో సీసాల కంపెనీలో కొలిమి ముందు నిలబడ్డాడు, అది మూతపడితే ఇంట్లో కూర్చున్నాడు. గుట్ట పోయిందని ఆయనకు బాధేమీ లేదు. దాని నిండా తేళ్లుండేవి. ఇన్ని పనుల్లోనూ కూర్చొని చేసే పని ఇదొక్కటే. నిలబడి చేసే పనిలో కునుకు రాదు, వచ్చినా ఎవరికీ తెలియదు. కూర్చోబెట్టి మరీ నిద్రపోవద్దనడం ఎంత దుర్మార్గమో స్టూలు మీద కూర్చున్నవాడికే తెలుస్తుంది.

పొద్దున్నే రద్దీ. "అంకుల్, ఫోర్త్." "సెకండ్." "మామా, థర్డ్." తలుపు మూసుకుంటుంది, తెరుచుకుంటుంది. లిఫ్టులోని చల్లగాలి, సన్నటి హోరు, పైకి పోయేటప్పుడు కడుపులో తేలినట్టుండే తీరు, ఇవన్నీ కలిసి ఆయనను ఊయలలో వేసి ఊపుతున్నట్టుంటాయి. కనురెప్పలు దిగాయి. మిరపకాయ కొరికాడు. నోరంతా మండింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండో అంతస్తులో పనిచేసే జెస్సికా అనే అమ్మాయి అది చూసి, "ఏడుస్తున్నారా అంకుల్?" అంది. "లేదమ్మా, ఉద్యోగం చేస్తున్న," అన్నాడు.

రెండో మిరపకాయ కూడా అయిపోయింది. ఎండ ఇంకా నడినెత్తికి రాలేదు. సాయంత్రం దాకా ఎలా గడపాలి? ఇవాళ గడిచినా రేపో? రాత్రి మళ్లీ ఆ నీళ్లే కదా. నిద్ర కుదిరితే తప్ప ఈ ఉద్యోగం నిలవదు, నీళ్లు ఆగితే తప్ప నిద్ర కుదరదు, మధుకర్ నోరు విప్పితే తప్ప నీళ్లు ఆగవు. అంతా ఆ సగంలో ఆగిన మాట దగ్గరే ఇరుక్కుంది. ఆలోచిస్తున్నకొద్దీ ఆయనకు ఒళ్లు మండింది.

అప్పుడే మధుకర్ వచ్చాడు. పక్కన ఇద్దరు తెల్లవాళ్లు, సూట్లు వేసుకున్నారు. మధుకర్ వాళ్లతో ఇంగ్లీషులో నవ్వుతూ మాట్లాడుతూ, స్టూలు వైపు చూడకుండానే మూడు వేళ్లు చూపించాడు. తలుపు మూసుకుంది. లిఫ్టు లేచింది.

"సారూ," అన్నాడు బాలనర్సయ్య.

మధుకర్ వేలు పెదవికి అడ్డం పెట్టాడు.

ఒకటో అంతస్తు దాటింది. రెండో అంతస్తు దాటింది. బాలనర్సయ్య వంకర వేళ్లు మీటల మీదికి పోయి, అన్నిటికన్నా కింద ఉన్న ఎర్ర మీటను నొక్కేశాయి. లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగింది. హోరు ఆగిపోయింది. తెల్లవాళ్లిద్దరూ గోడ పట్టుకున్నారు.

"ఏమైంది?" అన్నాడు మధుకర్.

"నేనే ఆపిన."

"పిచ్చా నీకు? క్లయింట్స్ ఉన్నారు! స్టార్ట్ చెయ్ ముందు!"

"చేస్త. సగం చెప్పి పోయినవు, తక్కిన సగం చెప్పు. పైపులకెళ్లి నీళ్లొస్తున్నయి సారూ. ముక్కులకు పోతున్నయి. నిద్ర లేదు. నిద్ర లేకుంటె గా సోమేశ్వరరావు నన్ను ఎల్లగొడ్తడు. పది దినాలసంది నీ ఎంబడి పడ్తున్న. పలుకవైతివి. ఇప్పుడు పలుకు."

మధుకర్ మొహం ఎర్రబడింది. తెల్లవాళ్లలో ఒకాయన గంట బొమ్మ ఉన్న మీట నొక్కాడు. బిల్డింగంతా గణగణమని మోగింది. పైన ఎవరో తలుపు మీద బాదుతున్నారు.

"మిషను ఎక్కడ పెట్టావ్?" అన్నాడు మధుకర్ పళ్ల బిగువున.

"దేవుని గూట్లె."

"ఎత్తులోనా? తలకన్నా పైనా?"

"మీదనే. జాగ్రత్తగ పెట్టమంటివి గద!"

"కింద పెట్టాలయ్యా! దిండుకన్నా కింద! అప్పుడు గొట్టంలో చేరిన నీళ్లు మళ్లీ డబ్బాలోకే పోతాయి. పైన పెడితే నీ ముక్కులోకి కాక ఎక్కడికి పోతాయి? వేడి కాస్త తగ్గించు. గొట్టాన్ని దుప్పట్లోకి లాక్కుని పడుకో, చలి తగలకూడదు దానికి. అయిపోయింది, అంతే! ఇక నడుపు!"

అంతేనట. ఇంత చిన్న మాట. బాలనర్సయ్య మధుకర్ మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఇన్నాళ్లు తీరిక లేకపోయిందా ఈయనకు? పైన పెడితే నీళ్లు కిందికొస్తాయని తెలియడానికి చదువు కావాలా? తనకెందుకు తట్టలేదు? లచ్చమ్మకెందుకు తట్టలేదు? ముగ్గురి మీదా ఒక్కసారే కోపం వచ్చి, ఎవరిని ముందు తిట్టాలో తెలియక, ఎర్ర మీటను బయటికి లాగాడు.

మూడో అంతస్తులో తలుపు తెరుచుకుంది. ఎదురుగా రెండు చేతుల్లో రెండు పూలగుత్తులతో సోమేశ్వరరావు.

క్లయింట్లు దిగారు. పూలగుత్తులు తీసుకున్నారు. వాళ్లు నవ్వుతున్నారో లేదో బాలనర్సయ్య చూడలేదు. మధుకర్ వెనక్కి చూడకుండా వాళ్ల వెంట పోతూ, సోమేశ్వరరావుతో రెండు మాటలు చెప్పాడు. సోమేశ్వరరావు తల ఊపాడు. తలుపు మూసుకోకుండా బూటుకాలు అడ్డం పెట్టి, చిరునవ్వుతో లోపలికి తొంగిచూశాడు.

"చాలా సంతోషమండీ. సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు లిఫ్టు తాళం నా చేతికిచ్చి వెళ్లండి. రేపట్నుంచి మీకు ఈ శ్రమ వద్దండీ. ఇంటిదగ్గరే హాయిగా పడుకోండి."

"పండుకుంట," అన్నాడు బాలనర్సయ్య. "కడుపునిండ పండుకుంట. నిద్ర నీ అయ్య సొమ్మా? గీ లిఫ్టు పోతె పోయింది. ఇయ్యాలటిసంది నాకు నిద్రొస్తది. నీకు రాదు. నీ మొహం చూస్తెనే తెలుస్తది, నీకు జన్మల రాదు."

సోమేశ్వరరావు నవ్వు కాస్త అటూ ఇటూ అయింది. బూటుకాలు తీశాడు. తలుపు మూసుకుంది.

మధ్యాహ్నం బాలనర్సయ్య మెట్ల కింద కూర్చొని జొన్నరొట్టె తిన్నాడు. తింటున్నంతసేపూ లచ్చమ్మకు వేయాల్సిన ప్రశ్నలు పేర్చుకున్నాడు. "నెత్తి మీద పెట్టి నా ముక్కుల నీళ్లు పోసినవు గదనే! నీ దేవుడు చెప్పిండా?" అనాలి. కాదు, ముందు ఏమీ అనకుండా మిషను దించి నేల మీద పెట్టాలి. అప్పుడామె కయ్యానికి వస్తుంది. దేవుడి దగ్గర కూర్చున్నదాన్ని కాళ్లు పడేచోట పెడతావా అంటుంది. అప్పుడనాలి. ఉద్యోగం పోయిన సంగతి ఆ తగువు మధ్యలో ఎక్కడో ఒకచోట పడేస్తే, అంతగా దెబ్బ తగలదు. ఎడమ దవడ గుంజుతున్నట్టుంది. మిరపకాయల మంటేమో అనుకున్నాడు. డబ్బా కడిగి, మూతపెట్టి, మళ్లీ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

ఇప్పుడిక మెలకువగా ఉండాల్సిన పని ఏముంది? ఉద్యోగం పోనే పోయింది, నిద్రపోయినా పోయేది ఇంకేమీ లేదు. ఈ ఆలోచన రాగానే ఆయన ఒళ్లంతా సడలింది. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. వీపును స్టీలు గోడకు ఆనించాడు. చల్లగా ఉంది. కాళ్లు చాచాడు. ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు. గురక మొదలైంది. ఎక్కినవాళ్లు ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. గురక ఆగింది, ఉలికిపాటుతో మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగింది.

ఆ తర్వాత లిఫ్టులో చాలా నిశ్శబ్దంగా ఉంది. జెస్సికా టీ తాగడానికి కిందికి దిగేటప్పుడు, "ఇవాళ అంకుల్ గురక పెట్టట్లేదు, పాపం మంచి నిద్రలో ఉన్నాడు," అని పక్కమ్మాయితో అంది. ఆయన లేస్తాడేమోనని శబ్దం రాకుండా తనే మీట నొక్కింది. మిగతావాళ్లూ తామే నొక్కుకున్నారు. సోమేశ్వరరావు అనుకున్నట్టే, లిఫ్టు నడవడానికి మనిషి అక్కరలేకపోయింది.

సాయంత్రం తాళం కోసం సోమేశ్వరరావు వచ్చాడు.

"చూశారాండీ! ఆఖరి రోజు కూడా మానలేదు. ఏవండీ! బాలనర్సయ్యగారూ!"

వెనకున్నవాళ్లు కిసుక్కుమన్నారు. సోమేశ్వరరావు వాకీటాకీతో స్టూలు మీద టకటకా కొట్టాడు. ఇంకా వంగి భుజం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి వెంటనే తీసేశాడు.

"బాలనర్సయ్యా," అన్నాడు. అండీ అనలేదు. "లేవయ్యా."

దవాఖానకు తీసుకుపోయారు. గుండె ఆగి చాలాసేపయిందన్నారు. ఇంటికి కబురు చెప్పేదెవరన్న ప్రశ్న వచ్చినప్పుడు సోమేశ్వరరావు గోడ వైపు చూశాడు. కారు మధుకర్‌కు ఉంది. మధుకర్ వెళ్లాడు.

నానక్‌రామ్‌గూడలో ఇల్లు వెతుక్కోవడానికి ఆయనకు కాస్త సేపు పట్టింది. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. లచ్చమ్మ వాకిట్లో కూర్చొని తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటోంది. మోచేతుల దాకా ఎర్రమన్ను. లావుపాటి మనిషిని, కారును చూసి లేచి నిలబడింది. మొగుడు చెప్పిన గుర్తులతో ఎవరో పోల్చుకుంది. ఆమె మొహం మాడిపోయింది.

"మిషను తీస్కపోతందుకు వచ్చినవా సారూ?" అంది. "మా ముసలోడు ఏమన్న అన్నడా నిన్ను? అంటడు. వాని నోరు మంచిది గాదు. గట్లని ఇచ్చింది మల్ల తీస్కపోతరా?"

"కాదమ్మా," అన్నాడు మధుకర్. కారు తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇగ నీళ్లు రావు. పగలు గూట్ల దుమ్ము తుడుస్తుంటె చూసిన, గొట్టంల నీళ్లన్ని ముక్కు దిక్కే జారుతున్నయి. మీద పెడ్తె కిందికి రావా? మా ఇద్దరికి సోయి లేదు. నేల మీద పెడ్దామంటె, దేవునికాడ కూసున్న దాన్ని కాళ్ల సందుల పెట్టబుద్ది గాలె. గందుకని మంచం పక్కన దానికో గద్దె కట్టిన. దిండుకన్న కిందికే ఉంటది, నేలకన్న మీదికుంటది. తడి ఉన్నది ఇంక. నువ్వే వచ్చి చూడు." ఆమె గుమ్మం దాకా నడిచి, వెనక్కి తిరిగి, గొంతు తగ్గించింది. "నేను కట్టిన్నని ముసలోనికి చెప్పకు. పొగరెక్కుతది. నువ్వే కట్టమన్నవని చెప్పు."

మధుకర్ కదలలేదు. లచ్చమ్మ ఆయన మొహం చూసింది. ఆయన వెనక, ఎవరూ దిగని కారును చూసింది. మళ్లీ ఆయన మొహం చూసింది.

"ముసలోడేడి?" అంది.

మధుకర్ చెప్పాడు. ఈసారి మాట సగంలో ఆపలేదు.

ఆమె అరుపుకు పక్కిళ్లవాళ్లు పరుగెత్తుకొచ్చారు. "పండుకుంటవనే కదర కట్టింది!" అని గుండెలు బాదుకుంటూ వాకిట్లో కూలబడింది. వాళ్లు ఆమెను పట్టుకున్నారు. ఎవరో లోపలికి పోయి దీపం వేశారు.

మంచం పక్కన, దిండుకు జానెడు కిందుగా, ఎర్రమట్టి గద్దె ఇంకా పచ్చిగానే ఉంది. అలికిన అంచుల మీద నాలుగు వేళ్ల చారలు, గోడ వైపు తప్ప మిగిలిన మూడు పక్కల సున్నపు ముగ్గు.